మన బొమ్మ మనం వేయించుకోవాలంటే



పోయిన ఏడాది మన వార్షికోత్సవ సంచిక అట్ట మీది బొమ్మ మీరందరూ చూశారు గదా. కొమ్ములు కట్టుకుని డోలు కొడుతున్న తాత, ఆయన వెనకాల ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకుని ఆడే ఆడవాళ్ళు, అడుగున గోదావరి. అది ఎవరు వేశారు, ఎంత తీసుకున్నారు, మా తరగతికి కూడా ఒకటి వేయిస్తారా అని జూనియర్లు ఇప్పటికీ అడుగుతున్నారు. కొందరైతే మన డ్రాయింగ్ సారే వేశారనుకుంటున్నారు. కాదు. హైదరాబాదులో ఉండే ఒక చిత్రకారుడు కంప్యూటర్ మీద వేసిన బొమ్మ అది. ఆయన్ని మనలో ఎవ్వరం కళ్ళతో చూడలేదు. ఆర్డరు, డబ్బు, బొమ్మ, మధ్యలో జరిగిన గొడవ, అన్నీ వార్డెన్ సార్ ఫోనులోనే నడిచాయి.

ఈ ఏడాది మళ్ళీ వేయించాలి. ఇంటర్ పరీక్షలున్నాయి కాబట్టి నేను ఆ కమిటీలో ఉండను. అందుకే నాకు తెలిసింది, మేం చేసిన తప్పులతో సహా, ఇక్కడ రాసి పెడుతున్నాను.

ముందు ఆ పని చేసేవాళ్ళ సంగతి. ఏ పత్రికలోనూ, కంపెనీలోనూ జీతానికి చేరకుండా, అడిగినవాళ్ళకు బొమ్మ వేసిచ్చి ఆ బొమ్మకు డబ్బు తీసుకునేవాళ్ళను ఫ్రీలాన్సు చిత్రకారులంటారు. మన భాషలో చెప్పాలంటే కూలికి పోకుండా గుత్తకు పని పట్టుకునే మేస్త్రీ లాంటివాళ్ళు. వీళ్ళకు కాగితం, రంగు డబ్బా అక్కర్లేదు. పలక లాంటి ఒక పరికరం, దాని మీద గీసే పెన్ను ఉంటాయి. పెన్ను గట్టిగా నొక్కితే గీత లావుగా, మెల్లగా నొక్కితే సన్నగా పడుతుంది. ఫొటోషాపు అనే ప్రోగ్రాముకు డబ్బు కట్టాలి. ఐప్యాడ్ ఉన్నవాళ్ళు ప్రొక్రియేట్ వాడతారు. క్రిటా అనేది ఉచితం, మన కంప్యూటర్ ల్యాబులో కూడా వేసుకోవచ్చు. (ఆసక్తి ఉన్నవాళ్ళు ల్యాబ్ సార్‌ని అడగండి. మౌసుతో గీస్తే మాత్రం కోడి కెలికినట్టు వస్తుంది, నేను చేసి చూశాను.)

ఇక మా మొదటి తప్పు. వార్డెన్ సార్ ఫోనులోంచి మేం పంపిన మెసేజి ఇంతే: "నమస్తే అన్నా, ఆదివాసీ నృత్యం బొమ్మ ఒకటి కావాలి. కలర్‌ఫుల్‌గా ఉండాలి. తొందరగా కావాలి." మూడు రోజులకు పెన్సిల్ గీతల్లాంటి నమూనా వచ్చింది. చూసి మాకు తల తిరిగింది. మగవాళ్ళ నెత్తిన ఈకల కిరీటం, నడుముకు ఆకులు, చేతిలో బల్లెం, మధ్యలో మంట. పాత సినిమాల్లో హీరోను చెట్టుకు కట్టేసి చుట్టూ ఆడే గుంపును చూశారా, అచ్చం అదే! మా బ్యాచిలో ఒకడు "మనల్ని ఎక్కిరిస్తున్నడు రా" అని సార్ ఫోనులోంచే ఆయన్ని తిట్టబోయాడు. సార్ ఫోను లాక్కుని, "మీరేం పంపారో చదవండ్రా" అన్నారు. చదివాం. అందులో కోయ అన్న మాట లేదు. కొమ్ము అన్న మాట లేదు. ఊరి పేరు లేదు, ఒక్క ఫోటో లేదు. ఆయనకు మన ఆట తెలియదు. మేం చెప్పలేదు. తెలియని చోట ఆయన సినిమాల్లో చూసింది పెట్టాడు.

మంట మీద నెయ్యి పోసినట్టు, ఇంకొకడు ఇప్పుడొచ్చిన కృత్రిమ మేధ యాప్‌లో అదే మాట కొట్టి చూపించాడు. నిమిషం కూడా పట్టలేదు, పైసా ఖర్చు లేదు, రంగులు జిగేల్మంటున్నాయి. కానీ అందులోనూ ఈకల కిరీటాలే. పైగా ఒకామెకు ఒక చేతికి ఆరు వేళ్ళు. మనిషైతే ఫోను చేసి "అన్నా, ఇది కాదు" అని మాట్లాడొచ్చు గదా అని మేం మనిషి దగ్గరికే వెనక్కి పోయాం.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అడిగి బొమ్మ వేయించుకోవడం మన వైపు కొత్తేమీ కాదు. సిద్దిపేట జిల్లాలో చేర్యాల అనే ఊరుంది, ఇంతకుముందు వరంగల్ జిల్లాలో ఉండేది. అక్కడ నకాషీ కుటుంబాలవాళ్ళు పటాలు వేస్తారు. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి, ఆరబెట్టి, ఎర్రటి నేల మీద బొమ్మలు గీస్తారు. గడులు గడులుగా కింది దాకా సాగే ఆ పటం పదుల అడుగుల పొడవుంటుంది. వాళ్ళు దాన్ని వేసి అంగట్లో పెట్టి ఎవరన్నా కొంటారా అని చూసేవాళ్ళు కాదు. కథ చెప్పుకుని బతికేవాళ్ళు వచ్చి ఆర్డరిచ్చేవాళ్ళు. కూనపులివాళ్ళు పద్మశాలీల కోసం మార్కండేయ పురాణం వేయించుకునేవాళ్ళు. గౌడజెట్టివాళ్ళు గౌడుల కథ, మందెచ్చులవాళ్ళు గొల్లల కోసం కాటమరాజు కథ, కాకిపడగలవాళ్ళు ముదిరాజుల కోసం పాండవుల కథ. వేయించుకునేవాడికి కథ నోటికి వచ్చు, వేసేవాడికి చెయ్యి తిరిగింది. ఏ గడిలో ఏ ఘట్టం రావాలో, ఎవరి ఒంటి రంగు ఏదో ఇద్దరికీ తరాల నుంచి తెలుసు. అందుకే అక్కడ ఈకల కిరీటం వచ్చే ప్రమాదం లేదు.

మన డోలీల దగ్గర పడిగె ఉంటుంది గదా, మూడు మూలల పొడుగు గుడ్డ, దాని మీద గట్టు పుట్టుక కథ బొమ్మలుగా ఉంటుంది. అదీ అట్లాంటిదే. మణుగూరు మండలం కూనవరం నుంచి సకిని రామచంద్రయ్య గారు (శబరి కలిసే కూనవరం కాదు, ఇది వేరే ఊరు) డోలు కొట్టి ఆ కథలు కోయ భాషలో, తెలుగులో చెప్పేవారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కాలం చేశారు. ఆయన లాంటివాళ్ళు పక్కన కూర్చుని చెప్తే ఏ చిత్రకారుడైనా సరిగ్గా గీస్తాడు. మనకూ హైదరాబాదు అన్నకూ మధ్య అట్లా కూర్చోబెట్టే మనిషి లేడు. ఆ లోటు మనం రాసి పంపే కాగితమే తీర్చాలి.

డ్రాయింగ్ సార్ కూర్చోబెట్టి మా చేత రెండోసారి రాయించారు. రెండు పేజీలు అయ్యింది. అందులో ముఖ్యమైన ముక్కలు ఇక్కడ రాస్తున్నాను, ఈ ఏడాది రాసేవాళ్ళకు పనికొస్తాయి.

"అన్నా, మేం కోయ పిల్లలం. మాకు కావలసింది కొమ్ము ఆట. కూనవరం, చింతూరు వైపు (2014లో ఆ మండలాలు ఆంధ్రలో కలిశాయి) ఈ ఆట ఎక్కువ. మగవాళ్ళ తలకట్టుకు అడవిదున్న కొమ్ములుంటాయి, గేదె కొమ్ములు కాదు. గేదె కొమ్ము పక్కకు సాగి వెనక్కి పోతుంది, అడవిదున్న కొమ్ము పక్కకు వచ్చి పైకి లేస్తుంది. కొమ్ముల మధ్య నెమలి ఈకల కుచ్చు. మెడలో పెద్ద డోలు, అడ్డంగా వేలాడుతుంది. ఆకులు కట్టుకోరు, పంచె కడతారు. ఆడవాళ్ళు చీర కడతారు, వరసలో ఆడతారు. ఎవ్వరి చేతిలో బల్లెం వద్దు. మంట వద్దు, మా ఆట పగలు కూడా ఉంటుంది. వెనకాల గోదావరి, ఇసుక తిన్నె, అవతల గట్టున కొండలు. ఫోటోలు ఆరు పంపుతున్నాం. మూడో ఫోటోలో ఉన్నది మా తాత, ఆయన ముఖం ఉన్నది ఉన్నట్టు రావాలి."

ఇది పంపాక వచ్చిన నమూనా చూసి ఎవ్వరం మాట్లాడలేదు. తాత ముఖమే. ఆ చిత్రకారుడు ఫోను చేసి, "తమ్ముడూ, ఇది ముందే చెప్తే నాకూ మూడు రోజులు మిగిలేవి. తప్పు వేసినందుకు నాకే సిగ్గుగా ఉంది" అన్నాడు. మేమే అవమానపడ్డాం అనుకున్నాం గానీ, ఆయన కూడా పడ్డాడని అప్పుడు తెలిసింది.

ఇక కొలతలు. బొమ్మ ఎంత పెద్దదో చెప్పకుండా ఆర్డరివ్వడం, కొలత ఇవ్వకుండా చొక్కా కుట్టమన్నట్టే. కంప్యూటర్ బొమ్మ అంటే చుక్కల ముగ్గు అనుకోండి. చుక్కలు దగ్గర దగ్గరగా ఉంటే బొమ్మ నున్నగా ఉంటుంది, దూరం జరిగితే గళ్ళు గళ్ళుగా పలిగిపోతుంది. అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు అడుగుతారు. మన సంచిక ఏ4 సైజు, 210 మిల్లీమీటర్లు వెడల్పు, 297 పొడవు. లెక్క కడితే అడ్డంగా 2480, నిలువుగా 3508 చుక్కలు. స్టేజి వెనకాల కట్టే 8 అడుగుల ఫ్లెక్సీ దూరం నుంచి చూసేది కాబట్టి అంగుళానికి 100 ఉన్నా సరిపోతుంది. అప్పుడు కూడా అడ్డంగా 9600 చుక్కలు కావాలి. అట్ట బొమ్మనే సాగదీసి ఫ్లెక్సీ కొట్టిస్తే ఏమవుతుందో మీరు పోయినసారి స్టేజి మీద చూశారు. తాత ముక్కు మెట్లు మెట్లుగా వచ్చింది. రెంటికీ కావాలని మొదటే చెప్పి ఉంటే ఆయన పెద్ద సైజులోనే మొదలు పెట్టేవాడు. తర్వాత చిన్నది చేసుకోవడం తేలిక, పెద్దది చేయడం కుదరదు. (బడి గుర్తు లాంటి చిన్న బొమ్మయితే వెక్టర్ పద్ధతిలో వేయించుకోండి. అందులో చుక్కలుండవు, గీతల లెక్కలుంటాయి. బోర్డంత పెంచినా పలగదు.)

పూర్తయిన బొమ్మను వాట్సాప్‌లో ఫోటోగా పంపించుకోవద్దు. అది దారిలోనే బొమ్మను నలిపి చిన్నది చేస్తుంది. డాక్యుమెంటుగా పంపమనాలి, లేదా మెయిలు చేయమనాలి. మాకు నెట్‌వర్కు నీళ్ళ ట్యాంకు దగ్గర తప్ప దొరకదు కాబట్టి వార్డెన్ సార్ ఒక సాయంత్రమంతా ట్యాంకు కింద నిలబడ్డారు పాపం.

రంగు సంగతి కూడా చెప్పాలి. ఫోను తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, ప్రెస్సు నాలుగు సిరాలతో అచ్చు వేస్తుంది. తెర మీద మెరిసే లేత ఆకుపచ్చ కాగితం మీద మసకబారుతుంది. అది ప్రెస్సువాళ్ళ తప్పు కాదు, సిరాకు అంత వెలుగు లేదు. "ఇది అచ్చుకు" అని చెప్తే చిత్రకారుడు సిరాలకు అందే రంగులే వాడతాడు.

అక్షరాల దగ్గర మేం ఇంకో దెబ్బ తిన్నాం. అట్ట మీద "వార్షికోత్సవ సంచిక" అని వేయమంటే ఒత్తులన్నీ ఊడిపోయి, పొల్లులు పెట్టుకుని, "వార్‌షికోత్‌సవ" అని వచ్చింది. ఫొటోషాపులో మన లిపులకు వేరే అమరిక పెట్టుకోవాలి, లేకపోతే ఒత్తు కింద కూర్చోదు. ఆయన తెలుగు చదవగలడు గానీ తొందరలో చూసుకోలేదు. ప్రెస్సుల్లో చాలామంది వాడే అను ఫాంట్లు మరో దారి. ఫోనులో కొట్టిన తెలుగును వాటిలో పెడితే పిచ్చి గుర్తులొస్తాయి. చివరికి ఏం చేశామంటే, ఈ గోడ పత్రికకు శీర్షికలు రాసే మన పదో తరగతి చెల్లె చేత నల్ల స్కెచ్‌పెన్నుతో తెల్ల కాగితం మీద రాయించి, ఎండలో ఫోటో తీసి పంపాం. ఆయన దాన్నే పైనుంచి గీసి అట్ట మీద పెట్టాడు. అట్ట మీద అక్షరాలు ఏ ఫాంటూ కాదు, మన చెల్లె చేతి రాత. బాపు గారి చేతి రాత ఇప్పుడు కంప్యూటర్లో ఫాంటయి కూర్చుంది, ఏమో, చెల్లెది కూడా అవుతుందేమో!

డబ్బు దగ్గరికొద్దాం. ముందు మాట్లాడుకున్నది 3,500. 175 మంది తలా 20 రూపాయలు ఇచ్చాం. దాంతో రెండు క్యారంబోర్డులు వచ్చేవని కొందరు సణిగారు, వాళ్ళ పేర్లు రాయను. బొమ్మలో మనుషులు ఎందరు, వెనకాల దృశ్యం ఉందా, ఎన్ని రోజుల్లో కావాలి, ఎక్కడ వాడతారు, వీటిని బట్టి వెల మారుతుంది. సగం, అంటే 1,750, ముందు పంపాం. మిగతా సగం బొమ్మ పూర్తయి, దాని మీద ఆయన పేరు అడ్డంగా ముద్ర కొట్టి ఉన్న కాపీ చూశాక పంపాం. అప్పుడు ముద్ర లేని అసలు బొమ్మ ఇచ్చాడు. ఇద్దరికీ భయం లేని పద్ధతి ఇది. మొత్తం ముందే పంపొద్దు. అట్లాగే అసలేమీ పంపకుండా గీసి చూపించు, నచ్చితే ఇస్తాం అనడం కూడా అన్యాయం. వరి నాటేసినాక పొలం నచ్చలేదంటే కూలి ఇవ్వకుండా ఉంటామా?

3,500 చివరికి 4,000 ఎందుకయిందో కూడా చెప్తాను. బొమ్మ వేసేటప్పుడు ముందు గీతల నమూనా, తర్వాత చదును రంగులు, ఆఖరున వెలుగునీడలు. నమూనా దగ్గర ఎంత మార్చమన్నా ఆయనకు గంట పని. మేం నమూనాకు సరే అని, రంగులన్నీ పూర్తయ్యాక "ఆడవాళ్ళు ముగ్గురే ఉన్నారు, ఏడుగురు కావాలి" అన్నాం. నలుగురిని కొత్తగా గీసి, నది మళ్ళీ వేసి, నీడలు మళ్ళీ దిద్దాలి. రెండు సార్లు మార్పులు ఉచితం, ఆ తర్వాత డబ్బు అని ఆయన మొదటే రాశాడు, మేం చదవలేదు. ఆ 500 డ్రాయింగ్ సార్ జేబులోంచి పోయింది. సార్, ఇక్కడ రాస్తున్నందుకు ఏమనుకోవద్దు. నమూనా వచ్చినప్పుడు ఒకరిద్దరు చూసి సరే అనేయకుండా, ప్రింటు తీసి ఈ గోడకు రెండు రోజులు అంటించండి. ఎవరెవరికి ఏం లోటు కనిపిస్తుందో పక్కనే రాయమనండి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించిన విషయం. మూడో ఫోటో కోసం నేను దసరా సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు తాత ఫోటోకు నిలబడ్డాడు గానీ, నిలబడే ముందు ఒక ప్రశ్న అడిగాడు. "ఈ బొమ్మ ఏడికి పోతది?" సంచిక మీదికి, అన్నాను. "ఆ తర్వాత?" నా దగ్గర జవాబు లేదు.

వచ్చాక సివిక్స్ మేడంను అడిగితే ఆవిడ కాపీరైటు చట్టం గురించి చెప్పారు. 1957లో చేసిన చట్టం అది. మామూలుగా బొమ్మకు మొదటి హక్కుదారు గీసినవాడే. డబ్బిచ్చి వేయించుకున్న చిత్రపటం, తీయించుకున్న ఫోటో లాంటివాటికి మాత్రం, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు వేయించుకున్నవాళ్ళది అని 17వ సెక్షను చెప్తుంది. కంప్యూటర్ బొమ్మ దాని కిందికి వస్తుందా రాదా అని రేపు వాదించుకునే కంటే ఈ రోజే కాగితం రాసుకోండి అన్నారు మేడం. హక్కు రాసిస్తే చేతిరాతో టైపో, సంతకం ఉండాలి. ఎన్నేళ్ళకో రాయకపోతే 5 ఏళ్ళకే అనుకోవాలి, ఎక్కడి వరకో రాయకపోతే మన దేశం వరకే అనుకోవాలి, అది 19వ సెక్షను. హక్కు ఎవరికి రాసిచ్చినా, ఇది నేను గీశాను అని చెప్పుకునే హక్కు చిత్రకారుడికి పోదు. అందుకే అట్ట వెనక ఆయన పేరు వేశాం, ఆయన అడగకముందే.

మేం రాసుకున్నది నాలుగు ముక్కలు. బడి ఈ బొమ్మను సంచికకు, ఫ్లెక్సీకి, గోడలకు ఎన్నేళ్ళయినా వాడుకోవచ్చు. చిత్రకారుడు తన పని నమూనాగా నలుగురికీ చూపించుకోవచ్చు, కింద ఇది ఎవరి ఆటో రాయాలి. టీషర్టులు, కప్పులు, క్యాలెండర్ల మీద వేసి అమ్మడానికి ఇద్దరికీ వీల్లేదు. పంపిన ఫోటోలు పని అయ్యాక తుడిచెయ్యాలి. వార్డెన్ సార్, ఆయన సంతకాలు పెట్టుకున్నారు. బీరువాలో ఉంది.

ఆ నాలుగో ముక్క ఎందుకు వచ్చిందంటే, మాలో ఒకడు ఉత్సాహం కొద్దీ పడిగె ఫోటో కూడా పంపాడు. చిత్రకారుడికి అది తెగ నచ్చింది. "ఈ డిజైను అట్ట అంచు చుట్టూ వేస్తే అదిరిపోతుంది తమ్ముడూ" అన్నాడు. మాకూ బాగుంటుందనిపించింది. నేను ఎందుకన్నా మంచిదని తాతకు ఫోను చేశాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. "కొమ్ములు ఆటకు కట్టేవి, వేసుకోండి. పడిగె కొలిచేది. అట్ట మీద వేస్తే, రేపు ఆ అట్ట చింపి పల్లీలు పొట్లం కడతరు" అన్నాడు. ఇదే మాట ఆయనకు చెప్పాం. "నాకు తెలియదు తమ్ముడూ, తీసేస్తున్నా" అని అంచు తీసేశాడు, ఫోటో తుడిచేశాడు.

చట్టం మనకు ఇక్కడ అక్కరకు రాదని మేడం చెప్పారు. అది ఒక మనిషి గీసినదాన్ని, అతను బతికినన్నాళ్ళూ, పోయాక 60 ఏళ్ళూ కాపాడుతుంది. తాతముత్తాతల నాటి బొమ్మకు గీసినవాడి పేరే లేదు. ఎవరి ఫోనులోకి పోతే వాళ్ళది. కాబట్టి ఏది పంపాలో ఏది పంపకూడదో మనమే చూసుకోవాలి.

ఈ ఏడాది అట్టకు కొండరెడ్ల వెదురు పని అనుకుంటున్నారట. మంచిదే, కానీ కమిటీలో ఉన్న అయిదుగురూ కోయవాళ్ళే. బుట్ట అల్లిక ఎక్కడ మొదలవుతుందో, ఏ పనిముట్టు ఏ చేత్తో పడతారో మనకు తెలియదు. అశ్వారావుపేట, దమ్మపేట వైపు నుంచి వచ్చిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు తల్లిదండ్రులు వచ్చే ఆదివారం లోపల మెస్సు గది పక్కన పెట్టిన అట్టపెట్టెలో రాసి వేయండి. పేరు, తరగతి రాయండి. ఇంట్లో పెద్దవాళ్ళను ఏది వేయొచ్చు, ఏది వేయకూడదు అని తప్పకుండా అడగండి. ఫోటో లేకపోతే పెన్సిల్‌తో గీసివ్వండి, వంకరగా ఉన్నా ఫరవాలేదు.

– ఇంటర్ రెండో సంవత్సరం, సి.ఇ.సి.